నెత్తి మీది గోధుమ

మా ఆయన కడుపు మా ఇంటి సంగతి మాత్రమే అయితే నేను నోరు మూసుకుని ఊరుకునేదాన్ని. కానీ అది తండా మొత్తానిది.

ఆయన పేరు ప్రేమ్‌సింగ్. గార్ల దగ్గర మా రేఖ్యాతండాకు నాయక్. సర్పంచి వేరే ఉన్నాడు. సిమెంటు రోడ్లు, కాగితాలు ఆయన చూసుకుంటాడు. గట్టు తగాదాలు, ఆలుమగల అలకలు, ఎవరి మేక ఎవరి చేలో పడిందన్న విచారణ మాత్రం ఇప్పటికీ నాయక్ తలపాగా ముందుకే వస్తాయి. ఆ తలపాగా మా మామది, అంతకుముందు మామ వాళ్ల నాయనది. మా ఆయన తలకు అది చక్కగా అమరింది. అమరనిదల్లా కడుపే.

పంచాయతీ సేవాలాల్ గుడి ముందు రేకుల షెడ్డులో కూర్చుంటుంది. ఇరుపక్షాలూ చెప్పుకుంటాయి, పెద్దలు గడ్డాలు గోక్కుంటారు, తీర్పు చెప్పడానికి మా ఆయన గొంతు సవరించుకుంటాడు. సరిగ్గా అప్పుడే కడుపులో ట్రాక్టర్ స్టార్టయినట్టు గుడగుడ మొదలవుతుంది. పంచె ఎగ్గట్టి ఇంటి వైపు పరుగు తీస్తాడు. చాలాసేపటికి వాడిన ముఖంతో తిరిగొచ్చి, "వచ్చే పంచాయతీల జూద్దాం తియ్‌" అంటాడు. అలా వాయిదా పడ్డ తగాదాల్లో కొన్నింటికి పిల్లలు పుట్టి, వాళ్లూ తగాదా పడే వయసుకొచ్చారు.

మా తండాలో ఒక రివాజు ఉంది. ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్లే పంచాయతీకి చాయ్ పోయాలి. దేవ్‌సింగ్ మీద ఫిర్యాదు ఉంది కాబట్టి దేవ్‌సింగ్ పోసేవాడు. ఉత్త చాయ్ కాదు, బిస్కెట్లు, పండగ రోజులైతే గార్ల నుంచి కట్టించుకొచ్చిన పరోటాలు. దేవ్‌సింగ్ మా ఆయనకు వరుసకు తమ్ముడు, నాకు మరిది. అతని చేను పక్కనే గోరీ యాడి చేను. యాడి అంటే మా భాషలో అమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు, నోట్లో పళ్లు లేవు, ఉన్నదల్లా ఆ మిరప చెలక. ప్రతి వానాకాలం గట్టు కొంచెం కొంచెంగా నడిచి ఆమె చెలకలోకి వచ్చేది. గట్లకు కాళ్లుంటాయని మా మరిదిని చూశాకే నాకు తెలిసింది.

మా ఆయన కడుపుకు మేం చేయని వైద్యం లేదు. వాము నమిలించాను, మెంతులు మింగించాను. ఎవరో తిండిలో మందు పెట్టారని మా అత్త అంటే, మందు కక్కించే మనిషి ఉన్నాడని మహదేవపూర్ దాకా బస్సులు మారి తీసుకుపోయాను. ఆయన పసరు పోసి కక్కించాడు. బయటికొచ్చింది మందు కాదు, పొద్దున బస్టాండులో తిన్న పూరీ. "సూశినవా, గిదే మందు" అన్నాడాయన. ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

దీనికి తోడు, రెండిళ్ల అవతల ఎవరికో షుగరు వచ్చిందని విని, మా ఆయన ముందు జాగ్రత్తగా అన్నం మానేసి రెండు పూటలా చపాతీలు మొదలుపెట్టాడు. షుగరు రానేలేదు, ఒంట్లో ఉన్న నాలుగు ఎముకలు మాత్రం లెక్కకొచ్చాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే అదే. ఒకనాడు మిరప చేలో కళ్లు తిరిగి పడిపోయాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని, పిల్లలు పడితే లేపడం నాకు అలవాటే. కానీ ఆయన్ని లేపుతుంటే బరువే తెలియలేదు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. చెట్టంత మనిషి, చీపురంత తేలిగ్గా లేచాడు.

మహబూబాబాద్ తీసుకుపోయాను. డాక్టరమ్మ రక్తం పరీక్షకు పంపింది, ఇంకో రోజు గొట్టం వేయించి పేగులు చూపించింది. అన్నీ చూసి చెప్పింది.

"గోధుమలో గ్లూటెన్ అని జిగురులాంటి పదార్థం ఉంటుంది. అది మీ ఒంటికి పడదు. తిన్నప్పుడల్లా పేగు లోపల దెబ్బతింటోంది. ఇక ఈ జన్మలో గోధుమ ముట్టొద్దు. చిటికెడు కూడా."

"గోలీలు రాయరా మేడం?" అన్నాడు మా ఆయన.

"దీనికి గోలీ లేదు. మానెయ్యడమే మందు. అన్నం తినండి, జొన్న తినండి, సజ్జ తినండి."

బయటికొచ్చాక ఆయన ముఖం చూడాలి. ఏళ్ల తరబడి తిప్పలు పడ్డ రోగానికి ఒక్క సూదైనా లేదంటే ఆయనకు అవమానంగా ఉంది. "గింత పెద్ద దవాఖానల గింత చిన్న మాట చెప్తరానే!" అని రైలు గేటు దాకా గొణిగాడు.

చపాతీలు మానేశాడు. అయినా గుడగుడ తగ్గలేదు. నాకు అనుమానం వచ్చి చొక్కా జేబు తడిమితే పొడి రాలింది.

"ఏందిది?"

"బిస్కెటే."

"బిస్కెట్ దేంతోని చేస్తరు?"

"బిస్కెట్ తోని."

"పొద్దుగాల బస్టాండుల ఏం తిన్నవ్?"

"పరోట. గది మైదా గదనే! గోధుమ ఎర్రగుంటది, మైదా తెల్లగుంటది. డాక్టరమ్మ మైదా వద్దనలే."

"మరి మైదా చెట్టుకు కాస్తదా? గోధుమ పొట్టు తీస్తే వచ్చేదే మైదా!"

"సరే. ఉప్మా రవ్వ?"

"అదీ గోధుమే."

"ఏయ్, గది బొంబాయిది!"

మేం ఇంట్లో మాట్లాడుకునేది మా గోర్‌బోలి. ఆ రోజు నేను తిట్టిన తిట్లకు తెలుగులో సరైన మాటలు లేవు కాబట్టి రాయడం లేదు. మర్నాడు అంగన్‌వాడీ నుంచి బొమ్మల చార్టు తెచ్చి, గోధుమ కంకి బొమ్మ మీద కర్ర పెట్టి, మూడేళ్ల పిల్లలకు చెప్పినట్టు మొదటి నుంచి చెప్పాను. పిల్లలకు త్వరగా అర్థమవుతుంది. ఈయనకు సాయంత్రమైంది. ఆ ఊపులోనే వంటింటి డబ్బాలన్నీ తిప్పి చదివాను. ఇంగువ డబ్బాలోనూ గోధుమ పిండి ఉందని రాసి ఉంది. దాన్ని వాకిట్లోంచి విసిరితే పక్కింటి కోడికి తగిలింది. ఆ ఫిర్యాదు కూడా నాయక్ దగ్గరికే వచ్చింది.

గుడగుడ నెమ్మదిగా సద్దుమణిగింది. జొన్న రొట్టె తిని, మజ్జిగ తాగి, మనిషి నిద్రపోవడం నేర్చుకున్నాడు. బుగ్గలు మళ్లీ కనిపించాయి. చొక్కా గుండీలు బిగిశాయని విసుక్కుంటే నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతోనే.

తండాకు మాత్రం కొత్త చిక్కొచ్చింది. నాయక్ కూర్చుంటే లేవడం లేదు. మేకల పంచాయతీ తెగింది, కోడి పంచాయతీ తెగింది (తప్పంతా నా మీదే వేశాడు, గుర్తుపెట్టుకున్నాను). తీజ్ పండగ అయిపోగానే గోరీ యాడి గట్టు సంగతి తేలుస్తానన్నాడు. ఆ మాట విన్న దేవ్‌సింగ్‌కు ఆ రాత్రి కడుపులో గుడగుడ మొదలై ఉంటుంది.

మా తీజ్ గురించి తెలియనివాళ్లకు ఒక మాట. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, మేక ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ, పాటలు పాడుతూ మొలకలు పెంచుతారు. ఈ నేల మీద గోధుమ పండదు, ఎవరి చేలోనూ లేదు, కానీ మా పండగ మాత్రం గోధుమదే. బుట్టలు పచ్చగా ఉన్నన్నాళ్లు తండాలో తగవు ఎత్తకూడదు. ఆఖరు రోజు గోధుమ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చుర్మో చేస్తారు. అందులో మా తండా దేవత మేరామా తల్లి వాటా ముందు నిప్పుల్లో వేస్తారు. తర్వాత మొదటి ముద్ద నాయక్ తినాలి. ఆ ముద్ద గొంతు దిగితే పండగ తీరినట్టు, తగవులకు దారి తెరిచినట్టు.

మా బిడ్డ శిరీష మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఈసారి ఆడపిల్లలకు అదే పెద్ద. గోధుమలు చల్లే రోజు అందరి ముందు తండ్రిని అనుమతి అడిగింది. ఆయన తల ఊపబోతుంటే దేవ్‌సింగ్ లేచాడు.

"అన్నా, నాదొక్క మాట. ఆఖరు దినం చుర్మో తింటవా?"

అందరూ మా ఆయన కడుపు వైపు చూశారు.

"డాక్టరమ్మ వద్దన్నది గదరా."

"గదే అంటున్న. గోధుమ వద్దన్నోడు తీజ్‌కు పెద్దెట్లయితడు? నువ్వు ముద్ద మింగకుంటే పండుగ చెల్లది. పిల్లల పాటలన్నీ ఒట్టివయితయ్. నీతోని కాకుంటే జెప్పు, తలపాగా నాకియ్యి, ఇంట్ల నీ తర్వాత వరుస నాదే. నేను రెండు ముద్దలు తింట."

"జొన్న చుర్మో చేస్తే ఏమయితది బాబాయ్?" అంది శిరీష.

"జొన్న పిట్టలకెయ్యి బిడ్డ. తీజ్ అంటే గోధుమ."

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రివాజు మాట వస్తే మా పెద్దల నోళ్లు పడిపోతాయి. "ఆఖరు దినం సూద్దాం" అని లేచిపోయారు.

ఇంటికొచ్చాక నేను విరుచుకుపడ్డాను.

"ఇచ్చెయ్యి ఆ తలపాగా! నెత్తి మీద బట్ట ముఖ్యమా, కడుపుల పేగు ముఖ్యమా? నీకేమన్న అయితే ఆ తలపాగా తోని ముఖం తుడుసుకోవాల్నా నేను?"

ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు నెమ్మదిగానే అన్నాడు. "తలపాగా పోతే పోనీ శోభా. గని అది వాని నెత్తికెక్కిన దినమే గోరీ యాడి చెలక పోతది. ఇన్నేండ్లు నా కడుపు జెయ్యబట్టి ఆమెకు న్యాయం కాలే. ఒక్క ముద్ద తింట. తిన్నంక గుడగుడ లేచేదాక జర సేపుంటది. గా జర సేపట్ల తీర్పు చెప్తా. తర్వాత సచ్చినా మంచిదే."

సచ్చినా మంచిదే అన్నందుకు ఆ పూట ఆయనకు కూర వెయ్యలేదు. కానీ ఆ మనిషి మీద నాకు పెళ్లినాటి కంటే ఎక్కువ ప్రేమ పుట్టింది. ఈ రెండూ ఒకేసారి జరగడం సంసారంలో మామూలే.

ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను. మా తండాలో చుర్మో చేసేది నాయక్ పెళ్లాం. అంటే నేను. ఆఖరు రోజు పొద్దున్నే తలుపు గడియ వేసి, చిన్న గిన్నెలో గోధుమ చుర్మో చేశాను. అది మేరామా తల్లికి. తర్వాత చేతులు కడిగి, పీట కడిగి, పెద్ద బేసిన్‌లో జొన్న రొట్టెలు నలిపి, నల్ల బెల్లం వేసి, రొట్టె రంగు కనపడనంత నెయ్యి పోశాను. అది మనుషులకు. "తల్లీ, నీ వాటా నీకు ముట్టింది. మిగతాది నేనూ నా మొగుడూ చూసుకుంటం" అని దండం పెట్టుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. చెవులు ఎర్రబడతాయి.

గుడి ముందు తండా అంతా చేరింది. చిన్న గిన్నె ఖాళీ చేసి నిప్పుల్లో వేశారు, పొగ లేచింది. మా ఆయన బేసిన్ ముందు కూర్చుని, ఉరికొయ్యను చూసినట్టు చుర్మోను చూస్తున్నాడు. చెయ్యి చాపాడు.

"ఆగు!" అన్నాడు దేవ్‌సింగ్. "వదినె సంగతి నాకెరుకే. దీంట్ల జొన్న కలిపి ఉంటది. ముందు నేను రుచి జూస్త. రుచి జూస్తే ముద్ద తిన్నట్టు గాదు."

"చూడు మరిది, చూడు" అన్నాను. బేసిన్ అతని వైపు జరిపాను.

అతను పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. ఇంకో పిడికెడు తీశాడు. నెయ్యి మోచేతి దాకా కారింది. మూడో పిడికెడు కూడా మింగి, పెద్దల వైపు తిరిగాడు.

"గోధుమే! అసల్ గోధుమ. మా యాడి చేసినట్టే ఉన్నది. గిది గోధుమ కాదన్నోడు నా ముందుకు రమ్మనుండ్రి."

మా ఆయన కళ్లు మూసుకుని ముద్ద మింగాడు. ఆడపిల్లలు పాట ఎత్తుకోబోయారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పాట తర్వాత. అందరు కూసోండ్రి. గోరీ యాడి గట్టు పంచాయతీ, ఇప్పుడే!"

దేవ్‌సింగ్ కంగారుపడలేదు. పాపం, అతని ధైర్యమంతా మా ఆయన కడుపే. తీరిగ్గా లేచి, తన ముత్తాత ఏ ఎద్దుల బండి మీద ఈ తండాకు వచ్చాడో అక్కడి నుంచి మొదలుపెట్టాడు. ఎద్దుల రంగు చెప్పాడు. వాటి కొమ్ములు ఎటు వంగి ఉండేవో చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి మా ఆయన కడుపు వైపు చెవి పెట్టేవాడు. మా ఆయన కూడా తన కడుపు వైపే చెవి పెట్టి చెమటలు కక్కుతున్నాడు. ఒకసారి ఎక్కడో గుర్రుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అది పడుకున్న కుక్క.

"ఎద్దులు సాలు!" అని మా ఆయన లేచి నిలబడ్డాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. "గట్టు మునుపెక్కడుండెనో గక్కడికే పోవాలె రేపు పొద్దుగాల దేవ్‌సింగే తవ్వాలె గోరీ యాడి మంచంల కూసొని సూడాలె మళ్ల జరిగితే తండా మొత్తం వచ్చి తవ్వుతది గిదే తీర్పు!"

పంచె ఎగ్గట్టి ఇంటి వైపు పరుగు తీశాడు. అలవాటు చొప్పున జనం రెండు పాయలుగా చీలి దారిచ్చారు.

అందరం ఎదురుచూశాం. గోరీ యాడి చీర చెంగుతో కళ్లు తుడుచుకుంటూ చుర్మో చప్పరిస్తోంది. చాలాసేపటి తర్వాత మా ఆయన తిరిగొచ్చాడు. ముఖం వాడిపోలేదు. వెలిగిపోతోంది.

"శోభా! ఏం గాలే! ఎంతసేపు కూసున్నా ఏం గాలే!" రెండు చేతులూ మేరామా తల్లి వైపు ఎత్తాడు. "తల్లి నా రోగం తీసేసింది! నాకు గోధుమ పడ్డది! శిరీషా, రేపటిసంది చపాతీలు! ఎవలన్న గార్లకు పోతే పరోటాలు కట్టియ్యుండ్రి!"

జనం జైకొట్టారు. ఎవరో మాల వేశారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నోరు తెరిస్తే యాడి చెలక పోతుంది. మూసుకుంటే ఈయన పరోటాలతో పేగులు పాడుచేసుకుంటాడు. ఎవరో పిల్లాడు అప్పుడే బిస్కెట్ ప్యాకెట్ చింపి ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని చాలా రోజుల తర్వాత కనపడ్డ చుట్టాన్ని చూసినట్టు చూస్తూ నోటి దగ్గరికి తీసుకుపోయాడు.

నేను ఒక్క దూకు దూకి బిస్కెట్ కొట్టి పడేశాను.

"అది జొన్న!" అని అరిచాను. "నువ్వు తిన్నది జొన్న చుర్మో! గోధుమది తల్లికే పెట్టిన. నీకు రోగం పోలే ఏం పోలే!"

మా ఆయన చేతులు మెల్లగా దిగాయి. దేవ్‌సింగ్ మాత్రం ఎగిరి గంతేశాడు.

"విన్నరా! నాయక్ గోధుమ తినలే! పండుగ చెల్లది, తీర్పు చెల్లది!"

పెద్దలు మళ్లీ గడ్డాలు గోక్కోబోయారు. అప్పుడు గోరీ యాడి చేతిలో చుర్మో కింద పెట్టి, లేవకుండానే అంది.

"జొన్నదని మొదటి ముద్దకే నాకెరుకాయె. పండ్లు లేని నోరుకు రొట్టె సంగతి దాగదు. గని నేనేమనలే, ఏమన్నది నువ్వు గద కొడుకా? అసల్ గోధుమ అంటివి. మీ యాడి చేసినట్టే ఉన్నదంటివి. కాదన్నోన్ని నీ ముందుకు రమ్మంటివి. మరి ఇప్పుడు కాదంటున్నది నువ్వే. జర నీ ముందుకు నువ్వే రారాదు?"

మొదట ఆడపిల్లలు నవ్వారు. తర్వాత పెద్దలు నవ్వారు. మా తండాలో పెద్దల ముందు సాక్ష్యం చెప్పిన నోటితో దాన్ని మళ్లీ మింగడానికి లేదు. చుర్మోనైతే మింగొచ్చు, మూడు పిడికిళ్లు మింగాడు కూడా. "దేవ్‌సింగ్ గోధుమ అన్నంక గోధుమే" అన్నారు పెద్దలు. "పండుగ చెల్లింది. తీర్పు చెల్లింది. వచ్చే ఏడు సంది తల్లికి గోధుమది, నాయక్‌కు జొన్నది. ఇగ రివాజు గిదే."

దేవ్‌సింగ్ మోచేతి మీది నెయ్యి తుడుచుకుంటూ కూర్చున్నాడు. రేపటి తవ్వకానికి పార నేనే ఇస్తానన్నాను.

ఆడపిల్లలు పాట ఎత్తుకున్నారు. శిరీష తన బుట్టలోంచి పచ్చటి గోధుమ మొలకలు తుంచి తండ్రి తలపాగాలో దోపింది. మా ఆయన మాత్రం కింద పడ్డ బిస్కెట్‌నే చూస్తున్నాడు. ఇంత పెద్ద తీర్పు చెప్పిన మనిషి, చిన్నపిల్లాడిలా ముఖం పెట్టుకుని, తలపాగాను భయంభయంగా తడుముకున్నాడు.

"శోభా, నెత్తి మీద గోధుమ పెట్టుకుంటే ఏం గాదు గద?"

నేను జవాబు చెప్పేలోపే గోరీ యాడి అందుకుంది.

"నెత్తి మీద ఉన్నంత సేపు ఏం గాదు నాయకా. నువ్వు నోరు మూసుకొని కూసో."